చివరి కుర్చీ

చెక్ బాబాయి అసలు పేరు ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. సభ ఏదైనా మొదట మైకు ముందు నిలబడి "చెక్, చెక్" అనేది ఆయనే. ఆ తర్వాత సభ ముగిసేదాకా నోరు విప్పడు. అలా మిగిల్చిన మాటలన్నీ ఇంటికొచ్చి తన మీద గుమ్మరిస్తాడని పిన్ని ఫిర్యాదు.

పిన్ని అంటే ఆయన భార్య. ఈ మైకుసెట్టు వ్యాపారంలో ఆమెకూ ఒక ఉద్యోగం ఉంది, జీతమే లేదు. ఏ హాల్లోనైనా చివరి వరసలో చివరి కుర్చీ ఆమెది. మాట అక్కడిదాకా స్పష్టంగా వస్తే చెయ్యెత్తుతుంది, రాకపోతే కొంగు సర్దుకుంటుంది. ముందువైపు, శబ్దాన్ని హెచ్చించి తగ్గించే మిక్సర్ దగ్గరున్న బాబాయి ఆ సైగ చూసి మీటలు జరుపుతాడు. తన చెవులను ఆయన నమ్మడు. స్పీకర్ల పక్కన కూర్చున్నవాడికి అంతా బాగానే వినిపిస్తుంది మరి.

ఆ రోజు గ్రంథాలయం హాల్లో పాటల సభ. పాడేవాళ్లలో వాళ్ల చిన్నమ్మాయి కూడా ఉంది. బట్టల కొట్లో పని చేస్తుంది. గొంతు బంగారమే గానీ, వంటింట్లో పాడితే వరండాలోకి వినపడదు.

"ఒక్కసారి పాడి చూస్తా నాన్నా. వెనకవాళ్లకి వినపడకపోతే ఇంక స్టేజీ ఎక్కను," అని పొద్దున్నే చెప్పేసింది. బాబాయికి అన్నం సహించలేదు.

తన వంతు రాగానే అమ్మాయి బెదురుతో మైకుకు మూరెడు దూరంలో నిలబడి, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఎంతెంత పెద్ద గాయకులకైనా సభకు ముందే "బెత్తెడు దూరంలో ఉండండి" అని చెప్పే మనిషికి, కన్నకూతురి దగ్గర ఆ ముక్క గుర్తే రాలేదు. వెనక పిన్ని కొంగు సర్దుకుంది. ఆయన మీట పైకి తోశాడు. మళ్లీ సర్దుకుంది. ఇంకా తోశాడు. మైకు పట్టిన చప్పుడు స్పీకర్లలోంచి వస్తుంది. మీట మరీ పైకి పెడితే, స్పీకర్లలోంచి వచ్చిందే తిరిగి మైకులో దూరి, తిరుగుతూ తిరుగుతూ పెరిగిపోతుంది. హాలంతా కీమని కూత. జనం చెవులు మూసుకున్నారు. అమ్మాయి పాట ఆపేసింది.

బాబాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. మీట కిందికి లాగి వేదిక ఎక్కాడు.

"తప్పు నాదేనమ్మా. నువ్వు మైకుకి కాస్త దగ్గరికి రా, అంతే. అరవక్కర్లేదు. నాతో చెప్పినట్టే దానితో చెప్పు."

"మళ్లీ కూస్తే?"

"కూస్తే నన్ను తిట్టు. అందులోనే తిట్టు."

అమ్మాయికి నవ్వొచ్చింది. ఆ నవ్వును మైకు పట్టేసి హాలంతా పంచింది. జనమూ నవ్వారు.

పాట మళ్లీ మొదలైంది. మిక్సర్ దగ్గరికి తిరిగొచ్చిన బాబాయి అలవాటుగా వెనక్కి చూశాడు. చివరి కుర్చీ ఖాళీ. బిడ్డ పాట ఆగగానే పిన్ని పరుగెత్తుకొచ్చి వేదిక కిందే నిలబడిపోయింది. ఇక వెనక వినపడుతోందో లేదో చెప్పే దిక్కు లేదు. బాబాయి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పాట నడుస్తుండగా మిక్సర్ వదిలేసి, గోడ పక్కగా గబగబా వెళ్లి ఆ కుర్చీలో కూలబడ్డాడు.

పాట వచ్చింది. మాట మాటా విడివిడిగా, మధ్యలో తీసుకున్న ఊపిరితో సహా. ఎన్నో గొంతులను ఈ కుర్చీదాకా చేర్చాడు గానీ, చేరాక ఎలా ఉంటుందో ఆయనకు ఇప్పుడే తెలిసింది. సంతోషం పట్టలేక, మిక్సర్ దగ్గర చూసేవాళ్లెవరూ లేరన్న సంగతే మరిచిపోయి, చెయ్యెత్తాడు.

చరణం చివర కళ్లు తెరిచిన అమ్మాయికి ఆ చెయ్యి కనిపించింది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు దాని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. మిగతా పాటంతా ఆ చెయ్యి వైపు చూస్తూనే పాడింది.