లేని కంపెనీకి ఉద్యోగులు

2008లో ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్స్ రెండో అంతస్తులో ఉండేది మా దుకాణం. కంపెనీలు తమ పేరు వేయించి పంచిపెట్టే పెన్నులు, బ్యాగులు, మెడలో వేసుకునే ఐడీ ట్యాగులు తయారుచేసేవాళ్ళం. ఈ ప్రమోషనల్ ఐటమ్స్ వ్యాపారంలో ఒక పట్టింపు ఉంది. ఒక కస్టమర్ పేరున్న వస్తువును ఇంకో కస్టమర్‌కు శాంపిల్‌గా చూపించకూడదు. చూపిస్తే ఇద్దరూ మళ్ళీ మన గుమ్మం తొక్కరు. అందుకని శాంపిళ్ళ మీద డమ్మీ, అంటే ఉత్తుత్తి కంపెనీ పేరు వేస్తాం. మాది ‘అరుణిత గ్రూప్’. పేరూ లోగో రెండూ నా బుర్రలోంచి ఊడిపడ్డవే.

అప్పుడప్పుడే జనం సోషల్ సైట్లకు అలవాటు పడుతున్నారు. నేనూ ఒక పేజీ తెరిచాను. ఊరికే బ్యాగుల ఫొటోలు పెడితే ఎవడు చూస్తాడు? బ్రాండ్‌కు ప్రాణం ఉండాలని ఆ డమ్మీ పేరుతోనే పేజీ నడిపాను. రోజూ పొద్దున్నే ‘ఉద్యోగులందరికీ శుభోదయం’ అని రాసేవాణ్ణి. నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టి శాంపిల్ బ్యాగులు, ట్యాగులు ధారాళంగా పంచాం. పేజీలో జనం పెరిగారు. కొందరు ‘శుభోదయం సార్, డ్యూటీలో ఉన్నాం’ అని జవాబిచ్చేవారు. సరదాకి రాస్తున్నారనుకుని మురిసిపోయాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మార్త అనే ఆమె వచ్చింది. చేతిలో మా శాంపిల్ బ్యాగు. లోపలి స్టిక్కర్ మీద మా దుకాణం అడ్రస్ చూసి వచ్చిందట. ఆమె భర్త సుందర్ పనిచేసే సుల్తాన్ బజార్ బట్టల కొట్టు మూతపడింది. తర్వాత అరుణిత గ్రూప్ అనే పెద్ద కంపెనీలో కుదిరానని చెప్పి, రోజూ ట్యాగు వేసుకుని వెళ్తున్నాడు. డ్యూటీలో ఫోన్ తీయడు.

“బిడ్డకు ఫిట్స్ వచ్చినయి సార్. దవాఖానల చేర్పించిన. ఈ కంపెనీ ఆఫీసు ఏడుందో జర చెప్పున్రి.”

అలాంటి కంపెనీ లేదమ్మా అన్నాను. ఆమె బ్యాగు మీది పేరు వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

“లేకుంటే దినాం ఏడికి పోతుండు సార్?”

కంప్యూటర్‌లో పేజీ తెరిచాను. ఏ నెట్ సెంటర్‌లో కూర్చుని రాశాడో, ఆ పొద్దున నా శుభోదయం కింద సుందర్ పేరుతో జవాబు ఉంది: ‘నాంపల్లి స్టేషన్ బ్రాంచ్. డ్యూటీలో ఉన్నాను.’ వెనక్కి వెళ్ళి చూస్తే రోజూ అదే జవాబు. దాని కింద మరో ఇద్దరు ‘మేమూ’ అని రాశారు.

ఆటోలో స్టేషన్‌కు వెళ్ళాం. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద సుందర్ కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో మా ట్యాగు. పక్కన ఇద్దరు, వాళ్ళ మెడలోనూ అదే ట్యాగు, ఒళ్ళో అదే బ్యాగు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. రైలు వచ్చి ఆగినా తలెత్తలేదు. నిజంగా భయమేసింది నాకు.

స్టాల్‌లో చూసిన గుర్తేమో, సుందర్ నన్ను చూడగానే లేచాడు. మిగతా ఇద్దరూ లేచారు.

“నమస్తే సార్. మీరు ఎప్పటికైనా వస్తరనుకున్న.”

మార్త ఏడుస్తూ బిడ్డ సంగతి చెప్పింది. అతను గబగబా బ్యాగు భుజాన వేసుకున్నాడు. అయినా అడుగు కదపలేదు. నా వైపే చూశాడు.

“డ్యూటీ మధ్యల ఎట్ల పోవాలె సార్?”

కంపెనీ లేదని చెప్పడానికే అంత దూరం వెళ్ళాను.

“ఇవాళ ఆఫీసుకు సెలవు. దవాఖానకు వెళ్ళండి” అన్నాను.

భార్య చెయ్యి పట్టుకుని పరిగెత్తాడు. మిగిలిన ఇద్దరూ నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. “మాకు గూడ సెలవేనా సార్?” అని మెల్లగా అడిగాడు ఒకతను. తల ఊపాను.

పాప కోలుకుంది. మార్త వాళ్ళ పాస్టరు గారు సుందర్‌కు ఒక స్కూల్లో పని ఇప్పించారు. నేను పేజీ మూసేసి, శాంపిళ్ళ మీద ‘శాంపిల్’ అని మాత్రమే వేయడం మొదలుపెట్టాను. వస్తువుల మీద పేర్లు వేయడమే మా పని అనుకునేవాణ్ణి. ఏ పేరు కనబడితే దాని కింద నిలబడటానికి ఎదురుచూసే మనుషులు ఉంటారని ఆ బెంచీ దగ్గర తెలిసింది.

కొన్నాళ్ళకు ఎందుకో ఆ పేరు సైట్లో వెతికాను. అరుణిత గ్రూప్ పేరుతో నేను తెరవని పేజీ ఒకటి ఉంది. ఆ రోజు పొద్దున్నే ‘ఉద్యోగులందరికీ శుభోదయం’ అని ఎవరో రాశారు. కింద చాలా జవాబులున్నాయి.