కలిపి కుట్టిన పుస్తకం

మా మావయ్య పుస్తకాలకు బైండింగ్ చేస్తాడు. కుట్టి అట్ట వేశాక, తను చదవందే ఏ పుస్తకాన్నీ తిరిగి ఇవ్వడు. ఇచ్చినవాళ్ళు ఎంత గొడవపెట్టినా ఆయనకు చీమ కుట్టినట్టైనా ఉండదు.

ఈ ఏడాది చదివినవాటిలో బాగా నచ్చిందేదని అడిగాను.

"రాజకీయాల మీద ఒకటొచ్చిందే. మొదట్లో నాయకుడు కుర్చీ కోసం నానా గడ్డీ కరుస్తాడు. సగం దాటాక కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడతాడు. ఏం మలుపనుకున్నావు" అన్నాడు.

అనుమానమొచ్చి, బల్ల మీదున్న ఆ పుస్తకం తెరిచాను. ముందు సగం అధికారం, వెనక సగం భక్తి. రెండు పుస్తకాల కాగితాలు తారుమారు చేసి కుట్టేశాడు మహానుభావుడు. మిగిలిన సగాలు పక్కనే ఇంకో అట్టలో హాయిగా ఉన్నాయి.

చూపిస్తే ఆయన ముఖం మాడిపోయింది. కత్తెర అందుకుని, "విప్పి సరిచేస్తాలే. మీ అత్తయ్యకు చెప్పకు" అన్నాడు.

అత్తయ్య అప్పటికే గుమ్మంలో ఉంది.

"బయట అధికారాన్నీ భక్తినీ ఎప్పుడో కలిపి కుట్టేశారు. మీ కుట్టే నయం, విప్పితే ఊడొస్తుంది" అంది.