ప్రతి కాగితం అడుగునా ఆయన పేరే

మా మేడమ్ పోయింది. మర్రిగూడ బ్రాంచి నుంచి క్లర్కు ఫోన్ చేసి, "అన్నా, మేడమ్ ఇగ లేదే" అన్నాడు. అప్పుడు నేను ఆఫీసు క్యాంటీనులో మిర్చిబజ్జీ కొరుకుతున్నాను. ఏడుపు రాలేదు. ముందు ఒక మనిషి మీద కోపం వచ్చింది. ఆయన ఇంకా బతికే ఉన్నాడు, మా పై అంతస్తులోనే కూర్చుంటాడు, బీపీ కూడా లేదు. ఇదేం న్యాయమని దేవుణ్ణి అడగాల్సింది మేడమే. చర్చికి పోయేది ఆమె, నేను కాదు.

మాది రైతులకు విత్తనాలు, ఎరువులు అందించే జిల్లా ఆఫీసు. నల్లగొండలో పెద్దాఫీసు, దేవరకొండ, మర్రిగూడ, కట్టంగూర్ లాంటి చోట్ల బ్రాంచీలు. అన్ని కంప్యూటర్లకూ మేడమ్ ఇన్‌ఛార్జి. నేను పదో తరగతి గట్టెక్కని అటెండర్ని. పని తక్కువ, దురద ఎక్కువ. ఒకరోజు పక్కపక్కన కూర్చునే ఇద్దరు క్లర్కుల మౌసు తీగలు అటుదిటు మార్చేశాను. ఒకాయన మౌసు జరిపితే ఇంకొకాయన తెర మీద బాణం పరుగెత్తేది. ఇద్దరూ వైరస్ వచ్చిందని మేడమ్‌ను పిలిచారు. ఆమె తీగలు చూసింది, తర్వాత నన్ను చూసింది.

"తప్పు చేసినోనికి చెమట వట్టాలె. నీకు నవ్వొస్తాందేంది?"

"నాకేం ఎరుక మేడమ్?"

"ఇద్దర్ని ఏడిపిస్తే ఏం లాభం తమ్మీ? రేపట్నుంచి నా పక్కకు రా. జిల్లా మొత్తం నీ చేతిల పెడ్త."

అలా నాకు కంప్యూటర్లు వచ్చాయి. మధ్యాహ్నం అడగకుండానే తన జొన్నరొట్టెలో సగం తుంచి నా ముందు పెట్టేది, మీద ఇంత మిరపతొక్కు. ఏ గదిలోకి వెళ్లినా ముందు కంప్యూటరు నెత్తి మీద అరచెయ్యి పెట్టి వేడి చూసేది, జ్వరమొచ్చిన పిల్లను చూసినట్టు.

అప్పట్లో ఒక్కో బ్రాంచిది ఒక్కో లోకం. కట్టంగూర్‌లో కొట్టిన తెలుగు నల్లగొండలో తెరిస్తే వరసగా డబ్బాలు కనిపించేవి. ఒకరిది పొడుగు కాగితం, ఇంకొకరిది పొట్టి కాగితం. అన్నిటికన్నా పెద్ద తంటా ట్యాగుది. మేం ప్రతి కాగితానికీ ఎడమ పై మూలన బెజ్జం కొట్టి, ట్యాగు గుచ్చి ఫైలుకు కడతాం. కంప్యూటరేమో సరిగ్గా ఆ మూల నుంచే రాత మొదలుపెట్టేది. ఏ ఫైలు తీసినా రైతు ఇంటిపేరు బెజ్జంలో పోయేది. కింద రాలిన ముక్కలు ఏరుకుని అది ఎవరి ఇంటిపేరో క్లర్కులు పందేలు కాసేవారు.

మేడమ్ ఒక కంప్యూటరును ముందు పెట్టుకుని అన్నీ సరిచేసింది. కాగితం కొలత, తెలుగు అక్షరాలు, ట్యాగుకు వదలాల్సిన జాగా, ఫైలు ఎక్కడ దాచాలి, అన్నీ. దానికి తల్లి మిషన్ అని పేరు పెట్టింది. పొద్దున ఏ బ్రాంచిలో ఏ కంప్యూటరు వేసినా, అది ముందు తల్లి మిషన్ దగ్గర సెట్టింగులు తెచ్చుకుని తర్వాతే తెర తెరిచేది. ఎవడైనా తెలివి చూపించి ఏదైనా మార్చినా మర్నాటికి మళ్లీ దారికి వచ్చేది. "సెట్టింగు మంచిగుంటే అది ఉన్నట్టే ఎవ్వనికీ యాదికి రావద్దు" అనేది ఆమె.

యాదికి రాకపోవడమే కొంప ముంచింది. హైదరాబాదు నుంచి పెద్దలు వచ్చారు, మెచ్చుకున్నారు, మా పై అంతస్తు సారుకు శాలువా కప్పారు. ఆఫీసు పరిపాలన చూసేది ఆయనే. "ఈ ఆలోచన నాకు స్నానం చేస్తుండగా వచ్చింది" అని మైకులో చెప్పాడు. మేడమ్ చివరి వరసలో కూర్చుని సమోసా తింటోంది. సమోసాల పళ్లెం పట్టుకుని నిలబడ్డ నేను దాన్ని సారు వరస దాకా తీసుకుపోలేదు.

మరుసటి రోజు సారు ఆమెను పిలిచాడు. ఇకమీదట ప్రతి కాగితం అడుగునా 'రూపకల్పన' అని తన పేరు, హోదా, ఫోన్ నంబరు రావాలన్నాడు. ఈ సెట్టింగులు మారిస్తే కఠిన చర్య తప్పదని అన్ని బ్రాంచీలకూ మెమో పంపాడు. అదే చేత్తో, ప్రజా ప్రయోజనాల దృష్ట్యా అంటూ మేడమ్‌ను మర్రిగూడకు బదిలీ చేశాడు. అసలు చేసింది ఎవరో చెప్పే మనిషి ఎదురుగా ఉండకూడదు కదా. అప్పటికే ఆమె మోకాళ్లు అరిగిపోయి ఉన్నాయి. బస్సు మెట్టెక్కాలంటే కడ్డీ పట్టుకుని ఒక దమ్ము తీసుకోవాల్సి వచ్చేది.

పోయే ముందు ఆయన అడిగింది చేసి పెట్టడానికే కూర్చుంది. నాకు మండింది.

"ఆయన పేరు మీ చేత్తోనే పెడుతున్నరా మేడమ్?"

"అడిగింది ఇస్తున్న తమ్మీ. తక్కువ ఇయ్యొద్దు. పొంగి పొర్లేటట్టు ఇయ్యాలె."

"ఆఫీసు ఉత్తరాలకే కదా?"

"ప్రతి కాగితం అన్నడు. పెద్దాయన మాట జవదాటుతనా?" అని తెల్ల కాగితంలోనే ఆ వరస పెట్టేసింది. కొత్త పేజీ తెరిస్తే చాలు, అడుగున ఆయన కూర్చుని ఉంటాడు. "కింద పేరు రాసుకున్నోడే జవాబు చెప్పాలె. గీ మాట మర్చిపోకు" అని చెప్పి, సంచి సర్దుకుని మర్రిగూడ బస్సెక్కింది.

తర్వాతి రోజులు నా జీవితంలో బంగారం. 'ఈ బాత్రూము పనిచేయదు' అన్న నోటీసు కింద రూపకల్పన ఆయనదే. క్లర్కు కూతురి చీరల ఫంక్షన్ వంటల జాబితా కింద ఆయనే. ఆయన నిరంకుశత్వం నశించాలని యూనియన్‌వాళ్లు వేసిన కరపత్రాన్నీ ఆయనే రూపకల్పన చేశాడు. నేను చాయ్ తీసుకెళ్లిన ప్రతిసారీ ఫోన్ మోగుతూనే ఉండేది. ఒకసారి స్పీకరులో విన్నాను.

"సారూ, గీ కాగితం జేసింది నువ్వేనా?"

"రూపకల్పన నాదే. చెప్పండి."

"నాకు పత్తి ఇత్తనాలు రావని ఎట్ల రాస్తివి? నీకు నేనేం జేసిన?"

"అది నేను రాయలేదండీ."

"నీ పేరుండె, నీ నంబరుండె. మరి ఎవడు రాసిండు, మీ అయ్యనా?"

నేను చాయ్ కప్పు చాలా నెమ్మదిగా పెట్టాను. ఎంత నెమ్మదిగా అంటే ఆ ఫోన్ అయిపోయి ఇంకోటి వచ్చేదాకా.

తీసేయండని సారు ఆపరేటర్ల మీద అరిచాడు. అందరూ ఆయన మెమోనే తీసి చూపించారు. "మారిస్తే చర్య అన్నరు కద సార్. నౌకరి పోతే పిల్లల్ని మీరు సాదుతరా?" ఒకడు భయపడి సాయంత్రం తీసేశాడు. పొద్దున తల్లి మిషన్ నుంచి పేరు మళ్లీ వచ్చి కూర్చుంది. చివరికి ఇది తీసే దారి మేడమ్‌ను అడిగి రమ్మని సారు నన్ను మర్రిగూడకు పంపాడు.

మేడమ్ కిటికీ పక్కన కాలు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన మంచినీళ్ల క్యాను. ఫ్లోరైడ్ ఉన్న ఆ బోరు నీళ్లు తాగితే మిగిలిన ఎముకలు కూడా పోతాయని ఇంటి దగ్గరి నుంచి మోసుకొచ్చేది.

"ఎట్లున్నడు సారు?"

"నిద్ర లేదు మేడమ్. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుండు."

ఆమె నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత చెప్పింది. "మెమో రద్దు చెయ్యమను. కారణం కూడ రాయమను, ఈ సెట్టింగులు నేను చేసినయి కావు అని. నా పేరు రాయకున్నా సరే."

"నల్లగొండకు వాపస్ తీస్కొమ్మని అడుగుతా మేడమ్?"

"అడిగితే బేరమైతది. నాకు బేరం వద్దు తమ్మీ, బద్లా కావాలె."

సారు పళ్లు కొరుక్కుంటూ రాయించాడు. ఈ సెట్టింగులు నేను రూపొందించినవి కావు అని ప్రింటు వచ్చింది. దాని అడుగున మామూలుగానే, రూపకల్పన ఆయన. దాని మీదే సంతకం పెట్టాడు. నేను నోటీసు బోర్డుకు అంటించాను, కొంచెం ఎత్తుగా, అందరికీ అందేట్టు కాదు, అందరికీ కనిపించేట్టు. మేడమ్ ఫోన్‌లో చెబుతుంటే తల్లి మిషన్‌లో ఆ వరస నేనే తీసేశాను. మరుసటి పొద్దున జిల్లా అంతటా పేరు మాయమైంది.

ఆమె లెక్క అక్కడితో తీరింది. నా లెక్క తీరలేదు. ఆయనకు ఆ తర్వాత ప్రమోషన్ వచ్చింది. ఆమె మర్రిగూడ బస్సు మెట్లే ఎక్కుతూ దిగుతూ ఉండిపోయింది, మంచం పట్టేదాకా. ఇలాగే అవుతుందని, ఆ వరస తీసేసే ముందే ఇన్‌వార్డు సెక్షన్ మూలన ఉన్న పాత కంప్యూటరు నెట్‌వర్కు తీగ నేను పీకి పెట్టాను. అది తల్లి మిషన్‌ను మళ్లీ చూడలేదు, అడుగున సారు పేరున్న పాత సెట్టింగుతోనే ఉండిపోయింది. వారానికోసారి దుమ్ము తుడిచి, నెత్తి మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాణ్ణి.

మేడమ్ పోయిన మర్నాడు సారు నన్ను పిలిచి, "సంతాప సభ పెడదాం. మేడమ్ ఫోటోతో ఒక నోటీసు కొట్టు" అన్నాడు. "అట్లనే సార్" అని నేరుగా ఆ మూలకు వెళ్లాను.

ఈ రాతలో ఆమె పేరు ఎక్కడా లేదని మీరు గమనించే ఉంటారు. ఏ పని కిందా తన పేరు ఉంచుకోని మనిషికి, పోయాక నేను తగిలించదలుచుకోలేదు. సారు పేరు కూడా రాయలేదు. ఆ పని ఆయనకే అలవాటు.

సభలో ఫోటోకు దండ వేశారు. పక్కన గోడకు నోటీసు. మౌనం పాటించమన్నారు, అందరూ తలలు వంచారు. నేను వంచలేదు. ముందు వరసలో సారు ఆమె ముఖం చూశాడు, పుట్టిన ఊరు చదివాడు, చేసిన సేవ చదివాడు, చూపు అడుగుకు జారింది. అక్కడే ఆగిపోయింది. ఒక అడుగు ముందుకు వేసి, నోటీసు సరిచేస్తున్నట్టు ఆ వరస మీద బొటనవేలు ఆనించాడు.

మౌనం అయిపోయింది. ఒక్కొక్కరే వచ్చి పూలు పెట్టి వెళ్లారు. ఆయన వేలు తీస్తే పేరు కనిపిస్తుంది. అందుకని తీయలేదు. సంతకం రాని మనిషి కాగితం అడుగున నిశాని వేస్తున్నట్టు, గోడకు వేలు నొక్కి అలాగే నిలబడ్డాడు. పైనుంచి మేడమ్ చూస్తోంది.