కరిగిన మంచులో సున్నం

వాగు దగ్గరికి వచ్చినప్పుడల్లా వెండెలీన్ ముందు వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుంటాడు. నాలుక తడుపుకుని ఉమ్మేస్తాడు. ఆ తర్వాతే చేపపిల్లల షెడ్డు తలుపు తీస్తాడు.

ఆ ఏడు మార్చి చివర మంచు ఒక్కసారిగా కరిగింది. బొగ్గు కరెంటు కేంద్రాల పుల్లటి పొగ చలికాలమంతా ఆ మంచులోనే పేరుకుంది. వాలు మీద స్ప్రూస్ చెట్లు సగం ఎండి బూడిదరంగు కర్రల్లా నిలబడ్డాయి. వాగు మాత్రం మునుపెన్నడూ లేనంత తేటగా పారింది. అడుగున ప్రతి రాయీ కనిపించేది. రాయి కింద పురుగు కనిపించేది కాదు.

షెడ్డులో ఉన్నవి ఆ వాగు ట్రౌట్ చేపల ఆఖరి సంతానం. ఆకులు రాలే కాలంలో దొరికిన కొద్ది ఆడచేపల గుడ్లను పొదిగించి ఆయన చలికాలమంతా సాకాడు. అవి పోతే వాగుకు తన చేప అంటూ ఉండదు.

"మళ్ళీ పుల్లగా ఉంది," అన్నాడు ఇంటికి వచ్చి.

"నా బూరెలు కూడా పుల్లగా ఉన్నాయనే అంటావుగా," అంది భార్య ఓటిలియె.

"నవ్వకే. పిల్లలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి."

ఆయన దక్షిణాన కార్ప్ చేపల చెరువులున్న ఊళ్ళో పుట్టాడు. అక్కడ నీరు చెడితే పడవ మీంచి సున్నం చల్లుతారు, నీరు బాగుపడుతుంది. ఆయన సున్నం బస్తాలు బండికెత్తాడు.

"చెరువు వైద్యం వాగుకి చేస్తావా?" అంటూనే ఓటిలియె బస్తా రెండో కొస పట్టుకుంది.

వాగు నీళ్ళు షెడ్డుకు తెచ్చే కాలువలో, కాస్త ఎగువన, గుమ్మరించారు. మధ్యాహ్నానికి నీళ్ళకు పల్చటి తెలుపు వచ్చింది. సాయంత్రానికి పిల్లల మొప్పల నిండా తెల్లటి జిగురు. ఒకదాని వెనక ఒకటి అడుగుకు దిగిపోయాయి.

ఏటా వసంతంలో పరీక్షకని సీసాల్లో వాగు నీళ్ళు పట్టుకెళ్ళే బొహ్దానా అప్పుడే వచ్చింది. తొట్టి పక్కన కూర్చుండిపోయింది.

"సున్నం ఎక్కడ పోశావు బాబాయ్?"

"ఈ పైనే. పులుపు విరుగుతుందని."

"విరిగింది. అందుకే చచ్చాయి. కొండ మట్టిలో అల్యూమినియం ఎప్పుడూ ఉండేదే, కదలకుండా. ఆ మట్టికి పులుపును విరిచే సత్తువ ఉండేది, దాన్ని పుల్లటి వానలు ఏనాడో కడిగేశాయి. ఇప్పుడు పుల్లటి నీళ్ళు చెట్ల వేళ్ళ మధ్య పక్కకి జారుతూ ఆ అల్యూమినియాన్ని కరిగించి వాగులోకి తెస్తున్నాయి. సున్నం తగిలితే అది విరిగి ముద్ద కడుతుంది. చెరువులో అయితే అడుగుకి దిగేందుకు టైముంటుంది. ఇక్కడ దిగేలోపే మొప్పలకి పట్టేసింది."

"అయితే నేనే చంపానన్నమాట."

"సున్నం పొయ్యకపోయినా మెల్లగా పోయేవే."

"మెల్లగా పోతే ఏదో ఒకటి చేసేవాణ్ణి కదే అమ్మాయ్."

ఓటిలియె కొండ వైపు చూసింది. "ఎన్నాళ్ళు వస్తుందే ఈ పులుపు?"

"పొగ ఇవాళ ఆగినా వస్తూనే ఉంటుంది పిన్నీ. చాలా ఏళ్ళు."

షెడ్డు చివరి తొట్టికి వచ్చేవి వాగు నీళ్ళు కావు, ఊటబావివి. ఆ కాస్త ఊట ఒక్క తొట్టికే సరిపోయేది. అందులో కొన్ని పిల్లలు ఇంకా ఈదుతున్నాయి.

"అవతలి లోయలో సున్నపురాయి వాగుంది," అంది బొహ్దానా. "అక్కడ పులుపు మట్టిలోనే విరిగిపోతుంది, అల్యూమినియం కరగదు. బతుకుతాయి."

"అక్కడి చేపలు వేరు. వాటిలో కలిసిపోతాయి. ఇక మావి అని ఎవరంటారు?"



మర్నాడు ఉదయం ఆయన ఆ పిల్లల్ని పాల క్యానులో పోసుకుని, మోకాళ్ళ మధ్య పెట్టుకుని, మొదటి బస్సులో అవతలి లోయకు వెళ్ళి, అక్కడి వాగులో వదిలాడు. తిరిగొచ్చి, షెడ్డులోకి వాగు నీరు వచ్చే కాలువకు అడ్డంగా చెక్క పలక దించి మేకులు కొట్టాడు.