లైన్‌మన్ చెయ్యి

లైన్‌మన్ దేన్నైనా ముందు చేతి వెనకవైపుతోనే తాకుతాడు, ఇంటి తలుపైనా, కూతురి నుదురైనా. అరచేత్తో పట్టుకుంటే, కరెంటు కొట్టినప్పుడు వేళ్లు బిగుసుకుపోయి వదలవు. గాలివాన స్తంభాలను విరిచి, ఇంటికప్పులను చించి వీధిలోకి విసిరేసిన మర్నాడు, వరద ఎక్కుతున్న ఒక ఇంట్లో ముసలావిడ బల్లమీద నిలబడి కేకలు పెడుతోంది. కిటికీ ఊచల మీద తెగిన తీగ వేలాడుతోంది.

“లైను ఎప్పుడో ఆపేశారు, ఊచలు లాగవయ్యా” అన్నాడు పక్క మేడమీది పెద్దమనిషి.

లైన్‌మన్ గోడెక్కి ఊచను చేతి వెనకవైపుతో తాకాడు. దెబ్బకు ఎగిరి బురదలో పడ్డాడు, పెదవి చిట్లింది. పెద్దమనిషి మేడలో నడుస్తున్న జనరేటర్ కరెంటే తీగలోకి పాకింది.

“అది ఆపి చావండి” అని నెత్తురు ఉమ్మి, జనరేటర్ చప్పుడు ఆగాక మళ్లీ ఎక్కాడు. ఊచలు పెకలించి, ఆవిడ చెంపను చేతి వెనకవైపుతో తాకాడు.

“నాలో కూడా కరెంటుందనా?”

“లేకపోతే అన్ని కేకలెలా వేశావవ్వా” అంటూ చెయ్యి తిప్పి, ఆవిణ్ణి గట్టిగా పట్టుకున్నాడు.