ఉత్తరశూల నాటి ఫుట్‌బాల్ ఫైనల్

మొన్న బుధవారం పొద్దున్నే మా మనవడు కటకం స్టేడియంలో ఏదో పెద్ద ఫుట్‌బాల్ పోటీ ఉందని, భుజానికి సంచీ తగిలించుకుని, కాఫీ సగం తాగి సగం వదిలేసి, వీధి గుమ్మంలోంచే వెళ్తున్నానని ఒక కేక వేసి మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. బరంపురం నుంచి కటకం అంటే ఉత్తరం వైపే కదా, బుధవారం ఉత్తరానికి శూల, అటు పయనం కూడదంటారు. నాకా పట్టింపులు లేవని అందరితోనూ అంటూ ఉంటాను గానీ, ఆ బండి చప్పుడు సందు మలుపు తిరిగేదాకా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. పేపరు తీశాను, మడిచాను, మళ్ళీ తీశాను. నా ఈడు వాళ్ళకి ఈ గాభరా సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

మా గంజాం జిల్లా ఒడిశాలో కలవక, ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న రోజుల మాట. మాకు పట్నమంటే చెన్నపట్నమే, కటకం పరాయి చోటు. మా ఊరు సముద్రపొడ్డున ఉన్న సోనేపూర్‌కి ఎగువన ఉంది, నాన్న పురోహితుడు, నేను ఆ ఊరి బడిలోనే కొత్తగా చేరిన మేష్టరుని. బరంపురంలో చదువుకున్న నాళ్ళలో చదువు అబ్బిందో లేదో గానీ బంతి పిచ్చి మాత్రం బాగా అబ్బింది, ఉద్యోగం వచ్చాక కూడా అక్కడి జట్టులో రైటవుట్‌గా, అంటే కుడి కొసని, ఆడుతుండేవాణ్ణి. ఆ ఏడు చెన్నపట్నం జట్టొకటి ఫైనలు ఆడడానికి బరంపురం వచ్చింది. వెదురు గ్యాలరీలు కట్టి చుట్టూ గోనెపట్టాలు బిగించిన మైదానాన్నే మేము గొప్పగా స్టేడియం అనుకునేవాళ్ళం. మా జట్టుకి ఆకుపచ్చ చొక్కాలు కొత్తగా కుట్టించారు, మనిషికొకటి, అదనంగా ఒక్కటి కూడా లేదు. నా చొక్కా నా దగ్గరే ఉండేది, దాన్ని నేనెన్నిసార్లు విప్పి మడతపెట్టానో మా అమ్మనే అడగాలి.

తోలుబంతిని తన్నడం కూడా ఒక విద్యేనా అని నాన్న అమ్మతో అనేవారు, నాకు వినబడేలాగే అనేవారు. పోటీకి వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. సోమవారం సాయంత్రం మాత్రం పంచాంగం చూసి, బుధవారం ఉత్తరశూల గనక కుర్రవాడి బట్టలు పరస్థానం పెట్టాలని అమ్మతో చెప్పారు. పనికిరాని రోజున పయనం తప్పదనుకుంటే, ముందే మంచి ఘడియ చూసి ఒక మూట వెళ్ళే దిక్కున ఉన్న మరొకరింట ఉంచడమే పరస్థానం. దాంతో పయనం మొదలైపోయినట్టే లెక్క, తరవాత మనిషి వెళ్ళేటప్పుడు ఆ మూట తీసుకుని అటే సాగిపోవాలి. నాన్న అలా అనడం సరేననడమేనని నా గుండె ఎగిరి గంతేసింది. పంచెతో పాటు ఆకుపచ్చ చొక్కా కూడా మూటగట్టి, మా వీధికి ఉత్తరపు కొసని ఉన్న మేనత్త ఇంట్లో నేనే పెట్టి వచ్చాను.

బుధవారం పొద్దున్న వెళ్ళేసరికి అత్త ఇంటికి తాళం. పాత్రపూర్‌లో ఉన్న ఆవిడ కూతురికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయని తెల్లారకుండానే కబురొస్తే, ఉన్న పళాన బండి కట్టించుకుని వెళ్ళిపోయిందట, తాళంచెవి బొడ్లోనే ఉండిపోయింది. కిటికీ ఊచల్లోంచి చూస్తే నా మూట ఎదురు గోడ చిలక్కొయ్యకి వేలాడుతూ చక్కగా కనబడుతోంది. కర్ర పెట్టి లాగబోయాను, అందలేదు. తాళం పగలగొడదామంటే, ఆ ఇంటి పిల్ల అక్కడ నొప్పులు పడుతుంటే ఇక్కడ తలుపు విరగ్గొట్టడమేమిటని చుట్టుపక్కల ఆడవాళ్ళంతా నా మీద పడ్డారు. వీధిలో ఆ కొసకీ ఈ కొసకీ తిరుగుతూ ఉండిపోయాను, రైలు వేళ దాటిపోతోంది. నాన్న వచ్చి చూసి, మూట లేకుండా కదలడానికి వీల్లేదన్నారు. చొక్కా సంగతి అక్కడికి వెళ్ళాక చూసుకోవచ్చనుకుని, నేను ఆయన మొహం చూడకుండా నడిచి వెళ్ళిపోయాను. వెనక నుంచి పిలుస్తారేమోనని ఊరి పొలిమేర దాటేదాకా చెవులొగ్గాను, ఆయన పిలవలేదు.

ఇచ్ఛాపురం స్టేషను చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. ఇంకోటి మధ్యాహ్నం దాకా లేదు, అంతసేపు ఒకచోట ఉండగలిగే స్థితిలో నేను లేను. రోడ్డు పట్టుకుని నడుస్తుంటే సోనేపూర్ నుంచి ఎండుచేపలు వేసుకుని బరంపురం పోతున్న లారీ ఒకటి పక్కన ఆగింది. గంపల మీద కూర్చున్నావిడ మా బడిలో చదివే ఒక పిల్లాడి తల్లి. నా తొందర, నా సంకోచం రెండూ ఆవిడకి ఒక్క చూపులోనే తెలిసిపోయాయి.

"ఎక్కీ మేష్టరూ. తవరు కూకుంటే మా సేపలకేటీ మైలంటదులే."

నవ్వుతూనే ఎక్కాను. ఆ లారీ నడక చెప్పేది కాదు. చెరువు కనబడిన చోటల్లా డ్రైవరు ఇంజనులో నీళ్ళు పోయించేవాడు, సంత కనబడిన చోటల్లా గంపలు ఎక్కించేవాడు, వాటి మధ్య తెలిసినవాడు కనబడితే దిగి ఒడియాలో తీరుబడిగా క్షేమసమాచారాలు కనుక్కునేవాడు. దిగి తొయ్యమంటే లారీని కూడా తోసేద్దును, అంత ఆరాటంగా ఉంది.

స్టేడియం కనబడకముందే కేకలు వినబడ్డాయి. గేటు దగ్గర నేను ఆటగాణ్ణని చెబితే కాపలావాడు నా వాసన చూసి బజారు అటువైపని చెయ్యి చూపించాడు. ఎలాగో మా జట్టువాళ్ళని పిలిపించుకుని లోపలికి వెళ్ళేసరికి ఆట మొదలైపోయింది, పదిమందితోనే ఆడుతున్నారు. నన్ను దిగనివ్వమని మా కెప్టెను బతిమాలాడు గానీ, ఆకుపచ్చ చొక్కా లేనిదే కుదరదని రెఫరీగా ఉన్న దొర ఖచ్చితంగా చెప్పాడు. నా ఒంటి మీద తెల్లచొక్కా, అవతలి జట్టుదీ తెలుపే. గీత పక్కన నిలబడి, రైటవుట్ లేని ఆ కొసకి బంతి వచ్చి ఊరికే అవతలకి పోతుంటే కాళ్ళు ఆగక నేలని తన్నుకుంటూ ఉన్నాను. ఏడుపొచ్చింది. మేష్టరుద్యోగం చేస్తున్నవాణ్ణని కూడా లేకుండా నిజంగానే ఏడ్చాను.

సగం ఆట అయిపోయి విశ్రాంతి ఇచ్చారు. అప్పుడు చూశాను, గొడుగు చంకలో పెట్టుకుని, గోనెపట్టాలు తప్పించుకుంటూ నాన్న వస్తున్నారు, చేతిలో నా మూట. నన్ను ఆపిన గేటువాడే ఆయనకి దండం పెట్టి లోపలికి పంపాడట. జుట్టుముడిలో తాటాకు పుల్ల ఇరుక్కుని ఉంది, మోచెయ్యి గీరుకుపోయింది. అత్త ఇంటి కప్పు మీదికెక్కి, ఆకు తప్పించి లోపలికి దిగి, మూట తీసుకుని మధ్యాహ్నం రైలు అందుకున్నారని తరవాత అమ్మ చెప్పింది. మా నాన్న నిచ్చెన ఎక్కడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఆ మూటలో ఆకుపచ్చ చొక్కా ఉందని గానీ, అది లేక నేనిలా నిలబడిపోయానని గానీ ఆయనకి తెలియదు.

"ఏటంటే, నువ్వొచ్చీసేవు గానీ నీ పయనం ఊళ్ళోనే ఉండిపోయింది. అందుకని తెచ్చేను," అన్నారు.

చొక్కా తొడుక్కుని దిగాను. ఒక గోలు తేడాతో ఓడిపోయాం. తిరుగు రైల్లో నాన్న ఆట గురించి అడిగింది ఒక్కటే, ఆ దొర ఈల వేస్తే అంతమందీ ఎందుకు ఆగిపోతారని. నేను వివరంగా చెబుతుంటే, చిన్నపిల్లాడు కథ వింటున్నట్టు విన్నారు. ఊరు చేరేసరికి పాత్రపూర్ నుంచి కబురు వచ్చి ఉంది, తల్లీ పిల్లా క్షేమమని. మర్నాడు పొద్దున్నే నాన్నా నేనూ కలిసి అత్త ఇంటి కప్పు సర్దాం.

మా మనవడు రాత్రికి ఫోను చేశాడు, బాగానే చేరాడట, ఆట కూడా బాగుందట. ఏమీ మర్చిపోలేదు కదా అని అడిగితే నవ్వాడు, మర్చిపోతే అక్కడే కొనుక్కుంటానన్నాడు. నిజమే, వాడికి శూల లేదు, పరస్థానం లేదు, ఒకరింట వదిలిన మూట కోసం వీధిలో పరుగులు లేవు. ఎప్పుడు తలుచుకుంటే అప్పుడు వెళ్ళిపోవచ్చు, వాళ్ళ అదృష్టానికి నాకు సంతోషమే. కానీ ఫోను పెట్టేశాక చూపు మా ఇంటి శ్లాబు మీదికి పోయింది. మూటలో ఏముందో కూడా తెలియకుండా నా కోసం కప్పెక్కిన నాన్న మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చారు. ఇప్పుడు ఆకు తప్పించి దిగడానికి తాటాకు కప్పులూ లేవు, మనవడి వెనక మోసుకెళ్ళడానికి నా దగ్గర మూటా లేదు.