నాలుగు మడతల కాగితం

పలుచని బట్టను మిషన్ మింగేస్తుంది. వాయిల్ అయినా, ఆర్గండీ అయినా, సూది దిగేచోట ఉండే చిన్న సందులోకి అంచును లాక్కుని నలిపేస్తుంది. అట్లా కాకూడదంటే బట్ట కింద కాగితం పట్టీ పెట్టి రెండూ కలిపి కుట్టాలి. కుట్టు అయ్యాక కాగితాన్ని మెల్లగా చింపి తీసేయాలి. మా అక్క నాకు నేర్పింది ఇదే. నేను చెప్పాలనుకున్నది కూడా అట్లాంటి ఒక కాగితం గురించే. నేను చదివింది ఐదో తరగతి. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, తెలిసిన పనితో మొదలుపెట్టాను.

అప్పుడు మేము కంప్లిలో ఉండేవాళ్ళం. నాయన వడ్ల మిల్లులో మూటలు మోసేవాడు. అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. మిషన్ ఆమెదే. పలుచని బట్ట కుట్టాలంటే ఊళ్ళో ఆమె పేరే చెప్పేవాళ్ళు. ఆమెకు టీబీ వచ్చింది. బళ్ళారిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయి చూపిస్తే, పేరు రాసుకున్నారు. మంచం ఖాళీ అయినప్పుడు కబురు పంపుతామన్నారు. మంచం దొరికితే బతుకుతుంది, ఇంట్లో పెట్టుకుంటే కష్టం అని డాక్టరు నాయనతో చెప్పాడు. అప్పటినుంచి మా ఇంట్లో అందరూ ఆ కబురు కోసమే చూసేవాళ్ళు. నన్ను బడి మాన్పించి మిషన్ ముందు కూర్చోబెట్టారు. నాకు పదకొండేళ్ళు.

అక్క, వెనక వసారాలో మంచం మీద పడుకుని పని చెప్పేది.

"లాగొద్దే. బట్ట దానంతట అదే ముందుకు పోతాది, నువ్వు ఊరికే చెయ్యి పెట్టు."

వార్తల పేపరు పెడితే దాని సిరా తెల్లబట్టకు అంటుకునేది. అందుకని అంగట్లో బెల్లం, చింతపండు కట్టిచ్చిన కాగితాల్లో తెల్లవి ఏరి, చేత్తో సాపు చేసి మిషన్ డ్రాయర్లో దాచేవాళ్ళం. వాటిలో ఒకవైపు ఇంగ్లీషు అక్షరాలు కొట్టిన ఆఫీసు కాగితాలు ఎక్కువ. అక్షరాలు కిందికి, తెల్ల వైపు బట్టకు ఆనేటట్టు పెట్టాలి. నేను కుట్టిచ్చినవాటిలోంచి ఆ కాగితం పట్టీలు పీకడం మాత్రం అక్క చేసేది. నేను పీకితే దారం తెగేది. ఆమె గోటితో కుట్టు వెంబడి గీసి, పొర ఊడదీసినట్టు తీసేది. ఆమెకు ఉన్న రోగం బట్టలిచ్చిన వాళ్ళకు తెలియదు. మేము చెప్పలేదు. అదీ తప్పే.

కాలువ కింద పొలాలు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చిన వాళ్ళు క్యాంపులో ఉండేవాళ్ళు. ఆ క్యాంపు నుంచి ఒకావిడ మనవడి అన్నప్రాసనకని తెల్ల ఆర్గండీ తెచ్చిచ్చింది. ఆదివారం పొద్దుటికల్లా చొక్కా కావాలంది.

"ఏంటమ్మా, మీ పెద్దమ్మాయి దగ్గు ఇంకా తగ్గలేదా?" అని అమ్మను అడిగింది.

"జలుబు సేసిండాదమ్మా. వానకు తడిసింది."

"ఇన్నాళ్ళ జలుబేంటో! సరేలే, చొక్కా మాత్రం ఆ అమ్మాయి చేతే కుట్టించండి. ఈ చిన్నదానికిచ్చారంటే గోనెసంచి చేస్తుంది."

ఆమె వెళ్ళాక అక్క నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చేది. "ఇన్యావా, గోనెసంచంట. బాగా కుట్టకుంటే నిన్నే అందులో ఏసి మిల్లుకు పంపిస్తా" అంది.

శుక్రవారం మిల్లు అడ్రసుకు ఆసుపత్రి ఉత్తరం వచ్చింది. గుమాస్తా చదివి చెప్పాడు: సోమవారం ఈ కాగితం తీసుకుని రావాలి, మంచం ఇస్తారు. కవరు ఆయన దగ్గరే ఉండిపోయింది. నాయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తెచ్చి, అక్కకు చూపించి, మిషన్ డ్రాయర్లో పెట్టాడు. మా ఇంట్లో కాగితం పెట్టే చోటు అదొక్కటే. నేనప్పుడు కాలువ దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. ఇంటికి వస్తే లెటర్ వచ్చిందన్నారు. ఎక్కడ పెట్టారో నేను అడగలేదు. సర్కారు కాగితమంటే గుండ్రటి ముద్ర ఉంటుందని నా నమ్మకం.

శనివారం చొక్కా కుట్టడానికి కూర్చున్నాను. డ్రాయర్లో పైనే నాలుగు మడతల్లో మంచి కాగితం కనిపించింది. పలుచగా, తెల్లగా, నలగకుండా ఉంది. ఊదారంగు ఇంగ్లీషు అక్షరాలు, కింద ఎవరో గిలికిన సంతకం. ముద్ర లేదు. పట్టీలుగా చించాను. అక్క చెప్పినట్టే అక్షరాలు కిందికి పెట్టి కుట్టాను. ఒక్క ముడత రాలేదు. సంతోషంగా తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టాను.

అక్క చొక్కా తిరగేసి పీకడం మొదలుపెట్టింది. రెండో పట్టీ దగ్గర ఆగింది.

"ఈ కాయితం యాడిదే?"

"డ్రాయర్లోదే అక్కా."

మిగతావి అక్క ఎప్పటికంటే మెల్లగా తీసింది. ముక్కలన్నీ కొంగులో పోగేసి, "అన్నీ పొయ్యిలో ఎయ్యి పో" అంది. వేశాను. ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. ఆ సంగతి నాకు మర్నాటిదాకా తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం నాయన ప్రయాణానికని డ్రాయర్ తెరిచాడు.

"ఈడ పెట్టిన కాయితం యాడికి పాయ?"

"నువ్వే యాడో పెట్టింటావు, సూడు" అంది అమ్మ.

"ఈన్నే పెట్టినా. నాలుగు మడతలు పెట్టి."

నాలుగు మడతలు అనగానే నాకు అర్థమైంది. అక్క నావైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది.

"నేనే తీసినా నాయనా. కుట్టు కింద పెట్టేకి చించినా" అంది.

"నువ్వా? నీ కండ్ల ముందరే కదమ్మా పెట్టింది!"

"మర్సిపోయినా."

నాయన చెయ్యి ఎత్తాడు. ఆ ఒంటి మీద కొట్టడానికి చోటు లేదు. చెయ్యి దించి బయటికి వెళ్ళిపోయాడు. నేను గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాను. నేనని ఒక్క మాట అనలేదు.

సోమవారం, కాగితం లేకపోయినా బస్సెక్కాం. మూట పట్టుకోవడానికి నన్నూ తీసుకుపోయారు. ఆసుపత్రిలో గుమాస్తా, "కాగద ఎల్లప్పా?" అని కాగితం ఎక్కడని కన్నడంలో అడిగాడు. పోయిందన్నాడు నాయన. "కాగద ఇల్దే ఆగల్ల" అని ఆయన కాగితం లేనిదే కుదరదన్నాడు. "సామీ, బిడ్డను సూడండి, పేరుండాది కదా" అని నాయన చేతులు జోడించాడు. పేరు మళ్ళీ రాసుకున్నారు. మా వెనక ఒక ముసలాయన తన కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన్ని లోపలికి పిలిచారు.

తిరిగి వచ్చేటప్పుడు అక్క కిటికీ పక్కన కూర్చుంది. "బెడ్డు లేకుంటే ఏమాయ, బస్సులో సీటు దొరికింది" అంది నాతో. నాకు ఏడుపొచ్చింది. "ఊరుకో. నాయన సూస్తాడు" అని మోచేత్తో పొడిచింది.

రెండోసారి కబురు రానేలేదు. నలభై రోజులకు అక్క పోయింది.

దినాలకు వచ్చిన మా మేనత్త అందరి ముందూ, "దానికే బతకల్లని లేకపాయ. తెలిసే చించింటాది" అంది. ఆ మాట మా వాళ్ళలో నిలిచిపోయింది. నాయన కూడా, ఎవరైనా అడిగితే, "నా బిడ్డ దాని చేత్తో అదే చించుకునింది" అనేవాడు. నాకు పెళ్ళయ్యాక కూడా అదే మాట. నేను వింటూ సూదిలో దారం ఎక్కించుకునేదాన్ని. నాయన మంచాన పడినప్పుడు ఒకసారి ధైర్యం చేసి, "నాయనా, ఆ కాయితం..." అన్నాను. "దాని మాట ఎత్తొద్దు పాపా" అన్నాడు. ఎత్తలేదు. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆయన వద్దన్నందుకు నాకు హాయిగా అనిపించింది. ఆయన అట్లానే నమ్మి పోయాడు.

ఇప్పుడు ఆ ఇంటివాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని రాస్తున్నాను. ఆ కాగితం చించింది నేను. అక్కకు బతకాలని లేదన్నది అబద్ధం. ఉత్తరం వచ్చిన శుక్రవారం సాయంత్రం ఆమె నన్ను మంచం దగ్గరికి పిలిచి చేతులు చాపి కొలత ఇచ్చింది. ఆసుపత్రికి రెండు జాకెట్లు కావాలంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. నేను ఆ కొలతకే సరిగ్గా బట్ట మీద గీత పెట్టబోతే ఆపింది.

"అట్ల బిగువుగా వద్దే. లోపల బట్ట ఇడిసిపెట్టి కుట్టు. ఆడ పాలు, గుడ్లు పెడతారంట. ఒళ్ళొచ్చినాక కుట్లు ఇప్పుకుంటా."